చిన్న బండికి పైపు, ఫిల్టర్ మారిస్తే జెట్టింగ్ కూడా మార్చాలా? (పల్సర్ 150, ఎక్సలేటర్ వదిలితే పటపట)

గోదావరి_రైడర్ (రాజమండ్రి)

అందరికీ నమస్తే. బండి పల్సర్ 150, 2013 మోడల్, కార్బొరేటర్ బండి. బాబాయి వాడి నాకిచ్చారు, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల క్రితం పైపు మార్చాను. బెండు పైపుతో సహా మొత్తం ఫ్రీ ఫ్లో. దాంతోపాటే ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే ప్లాస్టిక్ డబ్బా) తీసేసి కార్బ్ మూతికి కోన్ ఫిల్టర్ బిగించారు.

బిగించిన షాపులో ఒకటే మాట చెప్పారు. "150 సీసీకి ట్యూనింగ్ ఏం అక్కర్లేదు, వంద కిలోమీటర్లు తిరిగితే అదే సెట్ అయిపోతుంది" అన్నారు. నాలుగు వందలు తిరిగాను. సెట్ అవలేదు.

పొద్దున చోక్ లాగితే గానీ అందుకోవడం లేదు, రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచాలి. ఎక్సలేటర్ వదిలితే పైపులో పటపటమని పేలుతోంది. 4 వేల నుంచి 6 వేల ఆర్పీఎం మధ్య ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగి, తర్వాత ఒక్కసారిగా అందుకుంటోంది. మైలేజీ 48 నుంచి 41కి పడింది. మొన్న నాలుగో వంతెన మీద ఆ చివర నుంచి ఈ చివరకి ఫుల్‌గా లాగి దిగేసరికి ఇంజన్ దగ్గర కాళ్లు కాలిపోయేంత వేడి.

నా ఫ్రెండ్‌ది కూడా ఇదే మోడల్. వాడు సైలెన్సర్ చివరి డబ్బా ఒక్కటే మార్చాడు, ఎయిర్ బాక్స్ ముట్టుకోలేదు. వాడికి ఏ సమస్యా లేదు. నాకు జెట్లు (కార్బ్‌లో పెట్రోల్ వచ్చే చిన్న ఇత్తడి కన్నాలు) మార్చాలా, అక్కర్లేదా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

---

ఆర్ఎక్స్_ప్రాణం (హనుమకొండ)

తమ్ముడూ, ముందు ఫుల్ త్రోటిల్ ఆపెయ్. జెట్ మార్చేదాకా 60 దాటకు.

నా ఆర్ఎక్స్ 100కి చాలా ఏళ్ల క్రితం ఎక్స్‌పాన్షన్ చాంబర్ అనే ఉబ్బు పైపు వేయించాను. జెట్ ముట్టుకోలేదు. మొదటి రోజు బండి రాకెట్‌లా పోయింది. రెండో రోజు కరీంనగర్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు ఆపకుండా లాగాను. ఇంజన్ సౌండ్ సన్నబడినట్టు అనిపించింది, అంతే, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టాను కాబట్టి పడలేదు. బోరు పట్టేసింది. విప్పితే పిస్టన్ మీద, ఎగ్జాస్ట్ పోర్ట్ వైపు నిలువునా గీతలు. పెట్రోల్ తగ్గితే వేడి పెరుగుతుంది, ఆ వేడికే పిస్టన్ ఉబ్బి పట్టేసింది. ఆ రోజు నుంచి పైపు మారిస్తే జెట్ మార్చి తీరాలన్నది నా మాట.

---

ఎఫ్ఐ_కిరాక్ (హైదరాబాద్, ఆర్15 వీ3)

అన్నా, అందుకే కార్బ్ బండ్లతో ఈ గొడవ. ఎఫ్ఐ, అంటే ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి అయితే సెన్సార్ చూసుకుని ఈసీయూ అనే బండి కంప్యూటరే సర్దుకుంటుంది. నేను ఫుల్ సిస్టం వేశాను, ఏ ట్యూనింగూ చేయలేదు, ఏడాది నుంచి తిరుగుతున్నా. నీకు మెయిన్ జెట్ రెండు సైజులు పెంచితే సరిపోతుంది. 110 ఉంటే 115 వెయ్, అయిపోతుంది.

---

పాత_షెడ్డు (గుంటూరు)

రాజమండ్రి బాబూ, జెట్లు కొనకు. ముందు బండి ఏం చెబుతోందో విందాం. ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, జెట్ మార్చడంతో మొదలుపెట్టిన బండ్లు నా దగ్గరికి తిరిగి తిరిగి వచ్చాయి.

"అదే సెట్ అవుతుంది" అన్న మాట కార్బొరేటర్ విషయంలో అబద్ధం. కార్బ్ ఒక ఇత్తడి కన్నం. అది నేర్చుకోదు. ఈ రోజు ఎంత కన్నమో వంద కిలోమీటర్ల తర్వాతా అంతే కన్నం.

ఇక ఆర్ఎక్స్ తమ్ముడు చెప్పింది టూ స్ట్రోక్‌కి అక్షరాలా నిజం. అక్కడ పైపే సగం ఇంజన్. ఫోర్ స్ట్రోక్‌లో అంత ఉండదు. వాల్వులు ఉంటాయి, ఆయిల్ వేరేగా తిరుగుతుంది. చివరి డబ్బా ఒక్కటి మారిస్తే 150 సీసీకి చాలాసార్లు ఏమీ చేయక్కర్లేదు, మీ ఫ్రెండ్ బండే సాక్ష్యం. నా అనుభవంలో గొడవంతా ఎయిర్ బాక్స్ తీసేసినప్పుడే మొదలవుతుంది. ఎందుకో చెబుతా.

కార్బ్‌లో పెట్రోల్‌ని ఎవరూ పంపు పెట్టి తోయరు. కింద గిన్నెలో గాలి ఒత్తిడి ఎక్కువ, లోపల గొంతులో తక్కువ, ఆ తేడాతోనే పెట్రోల్ పైకి లేస్తుంది. ఎయిర్ బాక్స్, పేపర్ ఫిల్టర్ ఉన్నప్పుడు కార్బ్ మూతి దగ్గరే ఒత్తిడి కొంచెం తగ్గి ఉంటుంది. గిన్నెకి మాత్రం బయటి గాలి అందుతుంది. ఆ కొంచెం తేడా కూడా లెక్కలోకి తీసుకునే కంపెనీవాళ్లు జెట్ సైజు పెడతారు. బాక్స్ పీకేస్తే ఆ తేడా పోయింది, గాలి పెరిగింది, పెట్రోల్‌ని లేపే బలం తగ్గింది. అందుకే లీన్, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. జెట్ల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం ఆపి ఈ మూడూ చూసి చెప్పండి.

మొదటిది, చోక్ పరీక్ష. ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, ఆ 5 వేల దగ్గర బండి పట్టేసినప్పుడు చోక్ కొద్దిగా లాగండి. బండి హాయిగా అందుకుంటే పెట్రోల్ చాలడం లేదు. ఇంకా మొరాయిస్తే పెట్రోల్ ఎక్కువైంది లేదా సంగతి వేరే.

రెండోది, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బెండు పైపు హెడ్‌కి తగిలే చోట చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. టుఫ్ టుఫ్ మని గాలి తగిలితే గాస్కెట్ లీకు. కొత్త పైపు వేసేటప్పుడు పాత రాగి గాస్కెట్టే మళ్లీ వేసి ఉంటారు. అది ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఎక్సలేటర్ వదిలినప్పుడు పైపులో వెనక్కి లాక్కునే అల ఒకటి ఉంటుంది, అది ఆ సందులోంచి బయటి గాలిని లాగుతుంది, పైపులో మిగిలిన పెట్రోల్ ఆవిరి ఆ గాలితో కలిసి పేలుతుంది. పటపట వినగానే లీన్ అనేస్తారు. సగం బండ్లలో అది గాస్కెట్టే.

మూడోది, ప్లగ్గులు. మీ బండికి రెండు, రెండూ విప్పండి. ఒకటే చూసి వదిలేయొద్దు.

ఒక మాట. మీరు బెండు పైపు కూడా మార్చారు. పాత బెండు పైపుకి చిన్న డబ్బాలాంటిది అతికించి ఉంటుంది, గుర్తుందా? బజాజ్ దాన్ని ఎగ్జాస్‌టెక్ అంటుంది. తక్కువ ఆర్పీఎంలో టార్క్ కోసం పెట్టింది. అది పోయాక కింద నుంచి లాగుడు తగ్గితే ఏ జెట్టూ దాన్ని వెనక్కి తేలేదు.

---

గోదావరి_రైడర్

మాస్టారూ, చాలా థాంక్స్. పాత పైపు అటక మీదే ఉంది, డబ్బా నిజంగానే ఉంది దానికి. అదేదో కంపెనీవాళ్లు రిపేరు చేసిన అతుకు అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆదివారం మూడూ చేసి రాస్తాను.

---

పుణె_క్యాలిబ్రేషన్ (పుణె, సొంతూరు నెల్లూరు)

నా ఉద్యోగమే ఇంజన్ క్యాలిబ్రేషన్, అందుకని ఎఫ్ఐ గురించి రెండు మాటలు రాయాలి. "ఈసీయూ సర్దుకుంటుంది" అన్నది సగం నిజం.

చిన్న బండ్లలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ నారోబ్యాండ్. అది చెప్పగలిగింది ఒక్కటే, మిశ్రమం 14.7కి (కిలో పెట్రోల్‌కి అన్ని కిలోల గాలి) అటుందా ఇటుందా అని. ఎంత దూరంలో ఉందో చెప్పదు. వోల్టేజీ 0.45 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది, ఈసీయూ దాన్ని చూసి పెట్రోల్ కాస్త పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. దీన్ని క్లోజ్డ్ లూప్ అంటాం. ఐడ్లింగ్‌లో, మామూలు స్పీడులో పోతున్నప్పుడు ఇది పనిచేస్తుంది. కానీ ఫుల్ త్రోటిల్‌లో ఇంజన్‌కి కావాల్సింది 14.7 కాదు, 12.5 నుంచి 13 దాకా. అక్కడ ఆ సెన్సార్ మాట పనికిరాదు. ఈసీయూ ముందే రాసిపెట్టిన మ్యాప్ చూసి పెట్రోల్ పోస్తుంది. మీరు పైపు, ఫిల్టర్ మార్చి గాలి పెంచితే ఆ మ్యాప్‌కి ఆ సంగతి తెలియదు. అంటే ఊళ్లో తిరిగేటప్పుడు అంతా బాగానే ఉంటుంది. బండి ఎక్కువ కష్టపడే చోటే సర్దుబాటు ఉండదు.

హైదరాబాద్ తమ్ముడికి ఏడాదిగా ఏమీ కాలేదంటే నమ్ముతాను. కంపెనీ మ్యాపుల్లో ఫుల్ లోడ్ దగ్గర కొంచెం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా), భద్రంగానే ఉంచుతారు. లిక్విడ్ కూలింగ్ కూడా ఉంది. ఆ మార్జిన్‌ని కాస్త వాడుకుంటున్నాడు, అంతే. చివరి డబ్బా ఒక్కటే మార్చి, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న పైపు అలాగే ఉంటే నేనైతే ముట్టుకోను. పైపు మొత్తం మార్చి ఫిల్టర్ కూడా తెరిచేస్తే మిశ్రమం ఎంతో అంకెతో సహా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి చూడకుండా వదలను.

ఎఫ్ఐ బండ్లవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పాత_షెడ్డు గారు చెప్పిన గాస్కెట్ లీకు ఎఫ్ఐలో ఇంకో రకం అన్యాయం చేస్తుంది. సెన్సార్‌కి ముందు లీకుంటే బయటి ఆక్సిజన్ లోపలికి వస్తుంది. సెన్సార్ దాన్ని చూసి "లీన్" అంటుంది. ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. బండి నిజానికి రిచ్ అయిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడుతుంది. యజమాని మాత్రం పైపు వల్ల లీన్ అయిందనుకుని పెట్రోల్ ఇంకా పెంచే డబ్బా కొని తగిలిస్తాడు. కార్బ్‌లో అయితే లీకు పటపటతో ఆగుతుంది, మిశ్రమం మారదు.

ఇక ఈ చర్చలో ఎవరూ అడగని విషయం. 2013లో ఆ పల్సర్ కార్బ్‌కి జెట్ పెట్టినప్పటి పెట్రోల్ వేరు, ఇప్పుడు బంకులో పోసేది వేరు. ఇప్పుడు మనకొచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. పెట్రోల్ పూర్తిగా మండటానికి కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. కలిస్తే ఇ20కి సుమారు 13.5. అదే జెట్‌తో ఇ20 తాగితే ఆ బండి ఏమీ మార్చకుండానే దాదాపు 8 శాతం లీన్ అవుతుంది. పైపు వేయకముందే ఆ బండి లీన్ వైపు ఒక అడుగు వేసి ఉంది. క్లోజ్డ్ లూప్ ఉన్న ఎఫ్ఐ బండి దీన్ని సర్దుకుంటుంది. కార్బ్ సర్దుకోదు.

---

ఎఫ్ఐ_కిరాక్

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అన్నా. మరి ఆక్సిజన్ సెన్సార్ తీసేసి దాని ప్లగ్‌లో పెట్టే చిన్న రెసిస్టర్ ముక్క అమ్ముతున్నారు కదా, పెట్రోల్ పెరుగుతుంది అంటున్నారు. అది వేస్తే సరిపోదా? పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్ (ఈసీయూకి తోడుగా తగిలించే డబ్బా) ఖరీదు ఎక్కువ.

---

పుణె_క్యాలిబ్రేషన్

వద్దు. అది పెట్రోల్ కొలిచి పెంచదు, ఈసీయూ కళ్లకి గంతలు కడుతుంది. ఉన్న ఒక్క సెన్సార్‌నీ పీకేసి మ్యాప్ మీదే వదిలేయడం అది. పిగ్గీబ్యాక్ ఇంజెక్టర్ తెరుచుకునే టైం మారుస్తుంది, మంచిదే, కానీ అందులో వేసే మ్యాప్ నీ బండికి, నీ పైపుకి డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద చేసిందై ఉండాలి. వేరేవాళ్ల మ్యాప్ కాపీ కొట్టి వేస్తే, ఊహించి జెట్ వేసినట్టే.

అన్నట్టు నువ్వు 110కి బదులు 115 వేయమన్నావు. ఏ కార్బో చూశావా? కీహిన్ కంపెనీ జెట్ల మీద అంకె కన్నం వ్యాసం, మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో. మికూనిలో అది ఎంత పారుతుందన్న లెక్క. అంటే కీహిన్‌లో 110 నుంచి 115 అంటే దాదాపు 9 శాతం పెట్రోల్ ఎక్కువ. మికూనిలో 4.5 శాతం. ఒక బండి అంకె ఇంకో బండికి చెప్పకూడదు.

---

వర్షిణి_ఘాట్‌రోడ్ (విశాఖ, ఎఫ్‌జడ్ ఎఫ్ఐ)

నాది ఎఫ్ఐ బండి. కొన్నాళ్లు సైలెన్సర్ డబ్బా ఒక్కటే మార్చి తిరిగాను, మిగతా అంతా స్టాక్. అప్పుడు ఏడాదిలో నాలుగుసార్లు అరకు వెళ్లొచ్చాను. కింద వేడి, పైన 900 మీటర్ల ఎత్తులో చలి, ఎక్కడా మొరాయించలేదు. నాతో వచ్చే కార్బ్ బండి మాత్రం అనంతగిరి దాటాక కాస్త మందగించేది. పైన గాలి పల్చన, పెట్రోల్ మాత్రం అంతే పోస్తుంది కాబట్టి. రాజమండ్రి తమ్ముడు కింద జెట్ పెంచుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడ అందరూ పెట్రోల్ గురించే మాట్లాడుతున్నారు. ఆ ఫ్రీ ఫ్లో పైపు రోడ్డు మీద చట్టప్రకారం తప్పు. 80 నుంచి 175 సీసీ బండికి శబ్దం హద్దు 77 డెసిబెల్స్. 2019లో చట్టం సవరించాక శబ్దం, పొగ హద్దులు దాటితే సెక్షన్ 190 కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ కూడా పోవచ్చు. మా విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించారు. మా అమ్మమ్మ గుండె ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నప్పుడు, రాత్రి పదకొండింటికి వీధిలో ఒక పైపు బండి వెళ్తే ఆమె మంచం మీద లేచి కూర్చుని గుండె పట్టుకునేది. నేను వేసిన డబ్బా స్టాక్ కంటే పెద్దగా మోగేది కాదు. అయినా ఆ నెలలోనే తీసేశాను, పాతదే మళ్లీ బిగించాను.

---

ఆర్ఎక్స్_ప్రాణం

వర్షిణి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా చాంబర్ కూడా ఇప్పుడు గోడకే ఉంది, బండికి స్టాక్ పైపే.

పాత_షెడ్డు అన్నా, టూ స్ట్రోక్‌కీ ఫోర్ స్ట్రోక్‌కీ తేడా బాగా చెప్పావు. నేను రెండింటినీ కలిపేశాను.

---

గోదావరి_రైడర్

ఆదివారం చేశాను. ఇవీ ఫలితాలు.

చోక్ పరీక్ష: 5 వేల దగ్గర చోక్ లాగితే కొంచెం మేలు, కానీ పూర్తిగా పోలేదు. అదే వెనక్కి లాగుడు ఉంది, కాస్త తక్కువగా.

గాస్కెట్: మీరు చెప్పినట్టే మాస్టారూ. చెయ్యి దగ్గర పెడితే కింది వైపు నుంచి గాలి కొడుతోంది. విప్పి చూస్తే పాత గాస్కెట్టే, ఒక వైపు కాగితంలా పల్చగా నలిగి, దాని పక్కన హెడ్ మీద నల్లటి మసి చార. కొత్తది వేశాను. పటపట ముప్పాతిక వంతు పోయింది!

ప్లగ్గులు: రెండూ తెల్లగా ఉన్నాయి, సున్నం రాసినట్టు. క్లచ్ వైపు ప్లగ్గు ఇంకొంచెం తెల్లగా ఉంది.

ఇంకోటి. కోన్ ఫిల్టర్ తీసి కార్బ్ మూతిలోకి టార్చ్ వేసి చూశాను. మూతి అంచున, గొంతు చుట్టూ మూడు చిన్న కన్నాలు ఉన్నాయి. ఫిల్టర్ రబ్బరు అంచు లోపలికి ఎక్కువ తోసుకుపోయి పైనున్న పెద్ద కన్నాన్ని సగానికి పైగా మూసేసింది. రబ్బరు మీద ఆ కన్నం అచ్చు గుండ్రంగా పడింది. అది ముఖ్యమా?

---

పాత_షెడ్డు

ముఖ్యమా అంటారేంటి బాబూ, మీ రోగం దొరికింది!

మీది సీవీ కార్బ్. ఎక్సలేటర్ తిప్పితే గాలి దారిని తెరిచే స్లైడ్ నేరుగా లేవదు, పైనున్న రబ్బరు డయాఫ్రమ్‌కి కిందా మీదా ఉన్న ఒత్తిడి తేడాతో లేస్తుంది. ఆ పెద్ద కన్నం డయాఫ్రమ్ కింద గదికి బయటి గాలి ఇచ్చే దారి. దాన్ని రబ్బరు మూసేస్తే స్లైడ్ సగంలో తారాడుతుంది, తర్వాత ఒక్కసారి లేస్తుంది. మీరు రాసిన "పట్టి లాగి వదిలినట్టు" అన్నది సరిగ్గా ఇదే. మెయిన్ జెట్ 130 వేసినా ఇది పోయేది కాదు. మిగతా చిన్న కన్నాలు గాలి జెట్లవి, అవి మూసుకుంటే ఇంకో రకం తిప్పలు.

నా సలహా, ఆ కోన్ పక్కన పెట్టి ఎయిర్ బాక్స్ మళ్లీ బిగించండి. కొత్త పేపర్ ఫిల్టర్ వేయండి. కంపెనీ బాక్స్ ఊరికే ప్లాస్టిక్ డబ్బా కాదు, లోపల గాలి నిలకడగా ఉంటుంది, దాని సైజు, గొట్టం పొడవు చూసుకునే మధ్య ఆర్పీఎం టార్క్ వస్తుంది. వానలో కోన్ నీళ్లు కూడా తాగుతుంది. రాజమండ్రి వాన నాకు తెలుసు.

ఆ తర్వాత ప్లగ్గులు ఇంకా తెల్లగా ఉంటే స్లైడ్‌కి ఉండే సూది ఎత్తండి. సూదికి క్లిప్ గాడులు చాలా ఉంటే క్లిప్ ఒక గాడి కిందికి దించండి. ఒకే గాడి ఉంటే క్లిప్ కింద అర మిల్లీమీటర్ వాషర్ వేయండి. సూది పైకి లేస్తే పెట్రోల్ పెరుగుతుంది. మీరు రోజూ తిరిగేది పావు నుంచి ముప్పాతిక త్రోటిల్‌లోనే, అక్కడ రాజ్యం సూదిది. మెయిన్ జెట్ ముప్పాతిక దాటాకే.

ఐడ్లింగ్ మిశ్రమం సరిచేసే స్క్రూ తిప్పేటప్పుడు జాగ్రత్త. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది, అంటే లీన్. ఈ తేడా తెలియక ఉల్టా తిప్పిన బండ్లు వారానికి ఒకటి వస్తాయి నా దగ్గరికి.

మెయిన్ జెట్‌కి ప్లగ్ చాప్ చేయండి. కొత్త ప్లగ్గులు రెండూ వేసి, ఖాళీ రోడ్డు మీద ఒక కిలోమీటర్ ఫుల్‌గా పోయి, ఎక్సలేటర్ వదలకుండానే కిల్ స్విచ్ నొక్కి, వెంటనే క్లచ్ పట్టి పక్కకి ఆపండి. ఐడ్లింగ్‌లో నడిపి ఇంటికొచ్చి చూస్తే కనిపించేది ఐడ్లింగ్ రంగే. పింగాణీ మొదట్లో, లోపల అడుగున చూడాలి, కొస చూసి మోసపోవద్దు.

---

కరీంనగర్_స్ప్లెండర్ (కరీంనగర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది స్ప్లెండర్ ప్లస్ బీఎస్6, ఎఫ్ఐ. ఎయిర్ బాక్స్‌లోనే సరిపోయే, కడుక్కుని వాడుకునే ఫిల్టర్ వేద్దామనుకుంటున్నా. ట్యూనింగ్ కావాలా?

---

పుణె_క్యాలిబ్రేషన్

బాక్స్ అలాగే ఉండి లోపలి ఫిల్టర్ ఒక్కటే మారితే అక్కర్లేదు. ఆ ఇంజన్ 8 వేల ఆర్పీఎం దగ్గర ఇచ్చేది 8 పీఎస్. అంత గాలికి శుభ్రంగా ఉన్న పేపర్ ఫిల్టర్ అడ్డేమీ కాదు. ఆయిల్ రాసే రకమైతే ఎక్కువ పూయకు. లాభం ఉంటుందని ఆశపెట్టుకోకు, అంతే.

---

గోదావరి_రైడర్

రెండు వారాలు పట్టింది, క్షమించండి. అన్నీ ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ ఒకే రోడ్డు మీద ఒకే పరీక్ష చేశాను. మూడో గేర్లో 30 నుంచి 60కి ఎన్ని సెకన్లు. ట్యాంక్ మీద ఫోన్ కట్టి మీటర్ వీడియో తీశాను. ప్రతిదీ నాలుగుసార్లు, రెండు అటు, రెండు ఇటు, సగటు రాస్తున్నాను.

కోన్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో పైపు, ఏ ట్యూనింగూ లేకుండా: 6.6

రబ్బరు అంచు కోసి కన్నం తెరిచాక: 6.2

ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టి, అదే పైపుతో: 6.1

దానికి సూది కింద అర మిల్లీమీటర్ వాషర్, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక: 5.8

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ స్టాక్ ఎంతో తెలియకుండా ఈ లెక్కకి అర్థం లేదనిపించి అటక మీది పాత పైపు, ఆ డబ్బాతో సహా, దించి బిగించాను. మెయిన్ జెట్ పాతదే వేసి, వాషర్ మాత్రం ఉంచాను. 5.7 వచ్చింది.

నాలుగుసార్లూ మళ్లీ తీశాను, నమ్మకం కుదరక. 5.7, 5.8, 5.7, 5.7. పైపు ఉన్నప్పుడు నా చెవికి బండి ఎంత స్పీడుగా ఉన్నట్టు అనిపించిందో, వీడియోలో ముల్లు అంత వేగంగా కదలలేదు. ఫ్రీ ఫ్లోతో 8 వేలు దాటాక కాస్త ఎక్కువ సాగుతుంది, అది నిజం, కానీ ఊళ్లో నేను అక్కడిదాకా ఎప్పుడు వెళ్తాను?

వాషర్ తీసేసి పూర్తిగా స్టాక్‌గా కూడా చూశాను, పుణె అన్న చెప్పిన ఇ20 మాట పరీక్షిద్దామని. 5.9. ప్లగ్గు మళ్లీ తెల్లబడింది. వాషర్ తిరిగి వేశాను. ఇప్పుడు ప్లగ్గులు రెండూ లేత బిస్కెట్ రంగులో ఉన్నాయి, పొద్దున చోక్ అర నిమిషం చాలు, మైలేజీ 47. పటపట అసలు లేదు.

---

పాత_షెడ్డు

బాబూ, ఇంత ఓపికగా కొలిచిన కుర్రాడిని ఈ మధ్య చూడలేదు. నా షెడ్డులో కూడా ఈ లెక్క గోడ మీద రాసి పెడతాను, మీ అనుమతితో. ఇ20 వచ్చాక పాత కార్బ్ బండ్లు చోక్ లేకుండా అందుకోవడం లేదని చాలామంది వస్తున్నారు, వాళ్లందరికీ నేను ఇదే వాషర్ వేస్తున్నాను. పైపు ఉన్నా లేకపోయినా.

61 వేలు తిరిగింది కదా, ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) ఎప్పుడు చూపించారు? బిగుసుకుపోయి ఉంటే అక్కడ కూడా కొంచెం పోతుంది.

---

గోదావరి_రైడర్

బాబాయిని అడిగాను మాస్టారూ, ఆయనకీ గుర్తు లేదు. గోడ మీద రాసుకోండి, నాకు సంతోషమే. శనివారం పెళ్లికి గుంటూరు వస్తున్నాను, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి కదా, రాత్రికి బండి మీ షెడ్డులో వదిలి పొద్దున వస్తాను.

---

పాత_షెడ్డు

రండి. ట్యాపెట్ కవర్ గాస్కెట్ నేను తెచ్చి ఉంచుతాను.